రంపం చేతికిచ్చే వారికి: కార్డ్‌లెస్ రెసిప్రొకేటింగ్ సా గురించి ఒక బహిరంగ లేఖ

కాంట్రాక్టర్లకు, సైట్ సూపర్‌వైజర్లకు, పనిముట్లు అద్దెకిచ్చే షాపుల వారికి నమస్కారం.

పాత కట్టడాలు విప్పే చోటైనా, ప్లంబింగ్ జరిగే చోటైనా ఇప్పుడు రెసిప్రొకేటింగ్ సా, అంటే బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడుతూ కోసే రంపం, లేకుండా పని సాగడం లేదు. 1951లో మిల్వాకీ కంపెనీ 'సాజాల్' పేరుతో ఈ రకం రంపాన్ని తెచ్చినప్పుడు దానికి వైరు ఉండేది. ఇప్పుడు ఆ వైరు కూడా పోయింది. బ్యాటరీ తగిలించి ట్రిగ్గర్ నొక్కితే చాలు, చెక్క, మేకు, పైపు, చెట్టు కొమ్మ, ఏదైనా తెగుతుంది. వైరుతో పాటే భయం కూడా పోయినట్టుంది. గ్రైండర్ ఇచ్చే ముందు "నీకు వచ్చా?" అని ఒకటికి రెండుసార్లు అడిగే మీరే, ఈ రంపాన్ని మాత్రం సుత్తి అందించినంత తేలిగ్గా కొత్త కుర్రాడి చేతిలో పెట్టేస్తున్నారు.

నేను చూసినంతలో ఈ మిషన్‌తో వచ్చే తిప్పలు చాలావరకు ట్రిగ్గర్ నొక్కక ముందే ఖాయమైపోతాయి. ఏ బ్లేడు వేయాలి, గోడ వెనక ఏముంది, మెయిన్ ఆపారా లేదా, కోసే వస్తువు దేనికి బిగించి ఉంది, ఒకే మనిషి ఎంతసేపు కోయాలి, ఇవన్నీ తేల్చేది మీరు. రంపం పట్టుకున్నవాడు చూసుకోగలిగింది తన పట్టు, తన నిలబడే తీరు. తీరా ఏదైనా జరిగాక "జాగ్రత్తగా ఉండొద్దట్రా" అని వాణ్నే అంటారు. అందుకే ఈ ఉత్తరం వాళ్లకు రాయకుండా మీకు రాస్తున్నాను.

ముందు షూ సంగతి చెప్పాలి. మిషన్ మూతి దగ్గర, బ్లేడు బయటికి వచ్చే చోట ఇటూ అటూ వంగే లోహపు పాదం ఒకటి ఉంటుంది, అదే షూ. ఆ మధ్య ఒక సైట్‌లో పాత ఇనుప పైపు కోస్తున్న కుర్రాణ్ని చూశాను. షూకీ పైపుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. వాడు ట్రిగ్గర్ మొత్తం నొక్కేశాడు. పైపు తెగడం మానేసి బ్లేడుతో పాటే ఊగుతోంది, మిషన్ వాడి చేతుల్లో ఎగిరెగిరి పడుతోంది. వాడు బెదిరిపోయి ఇంకా గట్టిగా నొక్కుతున్నాడు. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ "బలంగా పట్టుకోరా" అని అరిచాడు. అరవాల్సిన మాట "షూ ఆనించు" అని.

ఈ బ్లేడు పళ్లు మామూలుగా మిషన్ వైపుకు తిరిగి ఉంటాయి. అంటే బ్లేడు వెనక్కి వచ్చేటప్పుడే కోస్తుంది. అలా వస్తూ పళ్లు వస్తువును తమతో పాటు మిషన్ వైపుకు ఈడుస్తాయి. షూ ఆని ఉంటే ఆ ఈడ్పు షూ దగ్గర ఆగిపోయి, బలమంతా కోత మీదికి పోతుంది. సందు ఉంటే అదే ఈడ్పు మణికట్టులోకి, మోచేతిలోకి, భుజంలోకి ఎక్కుతుంది. ఒక్కో స్ట్రోకు, అంటే బ్లేడు ఒకసారి కదిలే దూరం, చాలా మిషన్లలో 28 నుంచి 32 మిల్లీమీటర్లు ఉంటుంది, నిమిషానికి 3,000 స్ట్రోకుల దాకా వేస్తుంది. సెకనుకు 50 సార్లు ఈడ్చే దాన్ని ఏ కండబలమూ ఆపలేదు. షూ ముందు ఆనాలి, తర్వాతే ట్రిగ్గర్. నెమ్మదిగా మొదలుపెట్టి, గాడి పడ్డాక వేగం పెంచాలి. రెండు చేతులూ మిషన్ మీదే ఉండాలి. ట్రిగ్గర్ వదిలాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా కింద పెట్టకూడదు.

షూ ఆనించినా మిషన్ ఎదురు తన్నే సందర్భం ఒకటుంది. బ్లేడు పొట్టిదైతే, వెనక్కి వచ్చినప్పుడు దాని కొన వస్తువు లోపలికి దూరిపోతుంది. మళ్లీ ముందుకు పోయేటప్పుడు అవతలి గోడను పొడుస్తుంది. బ్లేడు వంగుతుంది, లేదా విరుగుతుంది, మిషన్ మాత్రం ఒక్కసారిగా మనిషి మీదికి వస్తుంది. లావు పైపుల దగ్గర ఇది మరీ ఎక్కువ. స్ట్రోకు మొత్తం వెనక్కి వచ్చినప్పుడు కూడా కొన అవతల కనిపిస్తూనే ఉండేంత పొడవున్న బ్లేడు ఇవ్వాలి. 150 మిల్లీమీటర్ల బ్లేడు ఒక్కటే పెట్టెలో పడేసి, అన్నిటికీ దాన్నే వాడుకోమంటే కుదరదు. అలాగని అవసరానికి మించి పొడవైతే కొరడాలా ఊగి కోత పక్కకు పోతుంది.

బ్లేడు పళ్ల లెక్క కూడా మీరే చూసుకోవాలి. అంగుళానికి ఎన్ని పళ్లో బ్లేడు మీదే ఉంటుంది. చెట్టు కొమ్మలకు మూడు నుంచి అయిదు, చెక్కకు ఆరు దాకా, మేకులున్న పాత చెక్కకు ఆరు నుంచి పది, లోహానికి మందాన్ని బట్టి పది నుంచి ఇరవైనాలుగు. ఇది గుర్తుండకపోతే ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: కోసే మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి. పల్చటి రేకు మీద చెక్క బ్లేడు పెడితే రేకు రెండు పళ్ల మధ్య ఇరుక్కుంటుంది. పళ్లు రాలతాయి, లేదా రేకు చిరిగి ఎగురుతుంది. మేకులుంటాయన్న అనుమానం ఉన్న చెక్కకు బయ్‌మెటల్ బ్లేడు ఇవ్వండి. వంగే స్టీలు వెన్నుకు గట్టి హైస్పీడ్ స్టీలు పళ్లు అతికించి ఉంటాయి కాబట్టి వంగుతుంది కానీ చటుక్కున విరగదు. పోత ఇనుముకు, స్టెయిన్‌లెస్ స్టీలుకు కార్బైడ్ పళ్లది కావాలి. లోహాన్ని వేగం తగ్గించి కోయాలి. మిషన్‌కు ఆర్బిటల్ మీట (బ్లేడును కాస్త పైకీ కిందికీ కూడా ఊపేది) ఉంటే అది చెక్కకు మాత్రమే, లోహానికి ఆపేయాలి. లోహం కోసిన బ్లేడు సలసలా కాలుతుంది, దాన్ని ఉత్త చేత్తో పీకవద్దని ఎవరూ చెప్పకపోతే ప్రతి కుర్రాడూ ఒకసారి కాల్చుకునే నేర్చుకుంటాడు.

మొండిబారిన బ్లేడు గురించి మీతో కాస్త గొడవపడాలి. చెక్కలోంచి పొగ రావడం, కోత గీత తప్పడం, తోస్తే తప్ప కదలకపోవడం, ఇవన్నీ పళ్లు పోయాయన్న గుర్తులు. "ఇంకో రెండు పైపులు లాగించెయ్" అనేది మీరు. లాగించాలంటే వాడు మీద పడి నొక్కాలి, నొక్కినప్పుడే చెయ్యి జారేది. షూను ముందుకూ వెనక్కూ జరిపే వీలున్న మిషన్ అయితే, దాన్ని కాస్త జరిపితే వాడని పళ్లు కోతలోకి వస్తాయి, అదే బ్లేడు ఇంకాసేపు నడుస్తుంది. ఈ సౌకర్యం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. అది కూడా అయిపోయాక మాత్రం మార్చాల్సిందే.

ఇక గోడ. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. వస్తువుకు అవతల బ్లేడు కొన ఎక్కడ తిరుగుతోందో కోసేవాడికి కనపడదు. ప్లాస్టర్ వెనక కరెంటు వైరుండొచ్చు, నీళ్ల పైపుండొచ్చు, గ్యాస్ లైనుండొచ్చు. కార్డ్‌లెస్ కాబట్టి షాక్ కొట్టదని అనుకునేవాళ్లను చూశాను. బ్లేడు కరెంటున్న వైరును తెంపితే ఆ కరెంటు బ్లేడులోంచి షూకు, మిషన్ ముందున్న లోహపు భాగాలకు వస్తుంది. ఇన్సులేషన్ ఉన్న పట్టు దగ్గరే పట్టుకోమని మాన్యువల్‌లో రాసేది అందుకే. అది కూడా ఆఖరి అడ్డు మాత్రమే. మొదటి అడ్డు మెయిన్ ఆపడం. మెయిన్ ఒక్కటి ఆపితే సరిపోతుందనుకోవద్దు. ఇన్వర్టర్ ఉంటే, సోలార్ ఉంటే, పక్క భాగానికి వేరే మీటరు లైను ఈ గోడలోంచే పోతుంటే, మెయిన్ పడిపోయినా వైరులో కరెంటు ఉంటుంది. అన్నీ ఆపాక టెస్టర్‌తో చూసి, మళ్లీ ఎవరూ వేయకుండా బోర్డుకు తాళం వేయండి. వైరు వెతికే డిటెక్టర్లు మంచివే, కానీ లోతుగా ఉన్నదాన్ని, లోహపు రేకు వెనక ఉన్నదాన్ని అవి పట్టకపోవచ్చు. కుదిరిన చోటల్లా చిన్న కిటికీ కోసి, టార్చి వేసి లోపల చూడమనండి. పది నిమిషాలు పడుతుంది. నీళ్ల వాల్వు, గ్యాస్ వాల్వు కట్టేశాక కూడా పైపులో మిగిలింది ఖాళీ చేయాలి.

గోడలో కనపడని ఇంకో శత్రువు దుమ్ము. ప్లాస్టర్, ఇటుక, సిమెంటు బోర్డు కోస్తే సిలికా దుమ్ము లేస్తుంది. కంటికి ఆననంత సన్నటి ఆ దుమ్మే ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. ముక్కుకు చేతిరుమాలు చుట్టుకుంటే అది ఆగదు, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు కనీసం కావాలి. పాత కట్టడంలో ఆస్‌బెస్టాస్ ఉందేమో అన్న సందేహం వస్తే అక్కడితో రంపం ఆపేయండి. మాస్కు వేసి కోసే వస్తువు కాదది. దానికి వేరే మనుషులు, వేరే పద్ధతి ఉన్నాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు, దాని సంగతీ చూసుకోవాలి.

మూతపడిన డ్రమ్ము, పాత ఇంధన ట్యాంకు, గ్యాస్ సిలిండరు. వీటిని ఖాళీగా ఉన్నాయన్న నమ్మకంతో కోయించకండి. లోపల మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

కోసే వస్తువు బిగింపు గురించి కుర్రాళ్లకంటే మీకే ఎక్కువ తెలుసు, అయినా క్లాంపు ఇవ్వరు. ఒక చేత్తో పైపు ముక్క, ఇంకో చేత్తో రంపం, లేదంటే మోకాలి మీద చెక్క. ఆ మిషన్‌కు రెండు చేతులూ కావాలని పైన చెప్పాను. రెండు చేతులూ దానికే పోతే వస్తువును ఎవరు పట్టుకోవాలి? దానికి సమాధానం ఇంకో కుర్రాడు కాకూడదు, క్లాంపో వైసో కావాలి. తెగి పడేవైపు బరువు ఎటు వాలుతుందో కూడా ముందే చూడాలి. రెండు వైపులా ఆనుకుని మధ్యలో వేలాడే చెక్కను పైనుంచి కోస్తే గాడి మూసుకుపోయి బ్లేడు బిగుసుకుంటుంది. చెట్టు కొమ్మయితే ముందు కిందివైపు నుంచి మూడో వంతు కోసి, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోయాలి, మిగిలిన మొండిని చివర తీయాలి. లేకపోతే కొమ్మ విరుగుతూ బెరడును కాండం మీదుగా ఒలుచుకుపోతుంది. బ్లేడు బిగుసుకున్నప్పుడు ట్రిగ్గర్ నొక్కుతూ ఈడ్చడం అందరికీ అలవాటు. ట్రిగ్గర్ వదిలి, బ్యాటరీ తీసేసి, గాడిలో చీలిక పెట్టి విడదీయాలి. నిచ్చెన మీద నిలబడి ఈ రంపంతో కోయించడం మానేయండి, మంచె కట్టించండి. మిషన్ ఒక్క తన్ను తన్నితే నిచ్చెన మీది మనిషికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

కళ్లద్దం పెట్టుకోవాలి, చెవులకు రక్షణ ఉండాలి, ఇవి మీకు చెప్పక్కర్లేదనుకుంటాను. చెవి సంగతి ఒక్క ముక్క: రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ అన్నది చాలాచోట్ల పాటించే హద్దు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుందన్నది నిపుణులు వేసే లెక్క. 94 దగ్గర గంట. రేకు మీద ఈ రంపం ఎలా అరుస్తుందో విన్నారు కదా.

చేతికి వచ్చే వణుకు గురించి మాత్రం మీరెవరూ లెక్క వేయడం నేను చూడలేదు, కాబట్టి ఇక్కడే వేద్దాం. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన నిబంధన ప్రకారం చేతులకు తగిలే వణుకు ఎనిమిది గంటల సగటున సెకను స్క్వేర్‌కు 2.5 మీటర్లు దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 5 మీటర్లు దాటనివ్వకూడదు. చాలా మిషన్ల మాన్యువల్‌లో దాని వణుకు అంకె ఉంటుంది. రెసిప్రొకేటింగ్ సాలకు అది పదికి పైనే ఉండటం మామూలు. 15 అనుకుందాం. వణుకు రెట్టింపయితే సమయం సగం కాదు, నాలుగో వంతవుతుంది. ఆ లెక్కన ట్రిగ్గర్ నొక్కి ఉన్న సమయం 13 నిమిషాలకు మొదటి గీత దాటేస్తుంది, 53 నిమిషాలకు రెండోది. మీ దగ్గర ఒకే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే రంపం పట్టుకుని ఉంటున్నాడు. చల్లటి పూట వేళ్ల కొనలు తెల్లబడి, తిమ్మిరెక్కి, చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా కష్టమైతే, అది అలసట అనుకోవద్దు. అది వణుకు వల్ల వచ్చే జబ్బు, ముదిరాక నయం కాదు. మనుషులను మార్చి మార్చి కోయించండి, బ్లేడు పదునుగా ఉంచండి, షూ ఆనేలా చూడండి. చేతిదాకా వచ్చే వణుకును తగ్గించేవి చాలావరకు ఇవే.

బ్యాటరీ దగ్గరికి వద్దాం. బ్లేడు మార్చేటప్పుడు, షూ జరిపేటప్పుడు, ఇరుక్కున్నది తీసేటప్పుడు, మిషన్ పక్కన పెట్టి ఇంకో పనికి వెళ్లేటప్పుడు బ్యాటరీ తీసెయ్యాలి. లాక్ మీట వేశాను కదా అంటారు. మీట వేలికి తగిలి జరుగుతుంది. వైరున్న మిషన్‌కు ప్లగ్గు పీకడం ఎంత ముఖ్యమో దీనికి బ్యాటరీ తీయడం అంత. తీసిన బ్యాటరీని మేకులు, స్క్రూలు ఉన్న డబ్బాలో పడేయకండి, టెర్మినల్స్ మధ్య ఒక్క మేకు అడ్డం పడితే షార్టయి మండుతుంది. కింద పడి పగిలింది, ఉబ్బింది, నీళ్లలో నానింది అయితే "ఇంకా పనిచేస్తోంది కదా" అని వాడొద్దు, చెత్తబుట్టలోనూ వేయొద్దు. గడ్డకట్టే చలిలో చార్జింగ్ పెట్టకూడదు, ఎండలో కాలిపోతున్న వాహనంలో వదిలేయకూడదు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని కాసేపు చల్లారాకే చార్జర్‌లో పెట్టాలి. చాలా రోజులు వాడకపోతే సగం చార్జితో చల్లని చోట ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. ఇంకొక మాట, 18 వోల్టులని రాసినదీ, 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసినదీ వరసగా అయిదు సెల్స్ ఉన్నవే. వోల్టేజి సమానమే కదా అని ఒక కంపెనీ బ్యాటరీని అడాప్టర్‌తో ఇంకో కంపెనీ మిషన్‌కు తగిలించడం మానండి. చార్జి అయిపోవడాన్ని, వేడెక్కడాన్ని కనిపెట్టే ఏర్పాటు ఒక్కో కంపెనీది ఒక్కో రకం.

అద్దెకిచ్చే షాపుల వారికి ప్రత్యేకంగా: మిషన్ తిరిగి వచ్చాక పైపైన గుడ్డతో తుడిచి షెల్ఫ్‌లో పెడుతున్నారు. బ్యాటరీ తీసి, కళ్లద్దం పెట్టుకుని, గాలి రంధ్రాల్లోని దుమ్ము ఊదాలి. థిన్నరు, పెట్రోలు ప్లాస్టిక్‌ను పెళుసుబారుస్తాయి, వాటితో తుడవొద్దు. బ్లేడు బిగించే క్లాంపులో పొట్టు, లోహపు పొడి చేరితే బ్లేడు సగమే కూర్చుంటుంది. బయటికి బిగిసినట్టే కనపడుతుంది, మొదటి కోతలోనే ఊడి వస్తుంది. క్లాంపును బ్రష్‌తో శుభ్రం చేసి, బ్లేడు పెట్టి, గట్టిగా లాగి చూసి ఇవ్వండి. లోపల విరిగిన ముక్క ఉండిపోతే బ్యాటరీ తీసి, క్లాంపును తెరిచే కాలర్ తిప్పి పట్టుకుని, మూతి కిందికి పెట్టి తడితే రాలుతుంది. రాకపోతే సన్న పళ్ల బ్లేడు కొనతో లాగొచ్చు. షూ స్క్రూ వదులుగా ఉందేమో చూడండి. బ్రష్ మోటారు మిషన్లయితే కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్పించాలి. గేర్ల గ్రీజు సంగతి సర్వీసు వాళ్లకే వదలండి. మిషన్‌తో పాటు మాన్యువల్ కూడా ఇవ్వండి, పెట్టె అడుగున కవరు చించకుండా ఉన్నదే.

చివరిగా ఒక కోరిక. మీ దగ్గర పనిచేసే ఎవరైనా "అన్నా, ఈ గోడలో ఏముందో చూశాకే కోస్తా" అనో, "ఈ బ్లేడు అయిపోయింది, వేరేది ఇస్తేనే పడతా" అనో అంటే, వాడికి భయమని నలుగురిలో నవ్వకండి. అలా పని ఆగిన సమయానికి కూలి కోయకండి.

ఇట్లు,
ఇంకా రంపం పట్టి పనిచేస్తున్న ఒక మేస్త్రి